వించ్ ఉంది, పది నంబరు పానా లేదు

మా బావమరిది ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేది, కొన్నాడు. ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, ఇల్లు వర్తూరు దగ్గర, ఆఫీసుకు ఎక్కువగా కంపెనీ బస్సులోనే వెళ్తాడు. బండి అచ్చంగా శనాదివారాల కోసమే. కర్ణాటక కనుమల్లోని సకలేశపురం వైపు ఒక గుంపుతో మొదటిసారి బయల్దేరబోతూ, తీసుకెళ్లే సామాను జాబితా వాట్సాప్‌లో పంపించి "బావా, ఏమన్నా మర్చిపోయానేమో చూడు" అన్నాడు.

జాబితా ఘనంగానే ఉంది. ఇరుక్కున్న బండిని తాడు చుట్టుకుంటూ లాగే 9,500 పౌండ్ల వించ్ మోటారు, సాగే కైనటిక్ రోప్, తాడు తగిలించడానికి నాలుగు ఇనుప బో షాకిళ్లు, బురదలో టైర్ల కింద పెట్టే ప్లాస్టిక్ పలకలు, నడుము దాకా వచ్చే హై లిఫ్ట్ జాకీ, ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టం, మడతపెట్టే పార, బండి నెత్తిమీద లైట్ల వరుస. మొత్తం ఎంతయిందో వాళ్లావిడకు చెప్పొద్దని కింద ఒక మాట కూడా రాశాడు.

నేను తిరిగి మూడు సంగతులు అడిగాను. స్టెప్నీలో గాలి ఎంతుంది? ఫ్యూజ్ బాక్సు ఎక్కడుంది? బండితో వచ్చిన వీల్ పానాతో ఒక్క నట్టయినా విప్పి చూశావా? "అవన్నీ సర్వీసువాళ్లు చూసుకుంటారు కదా బావా" అని జవాబు.

వాడొక్కడే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. బెంగళూరు నుంచి వారాంతాల్లో మట్టిదారులు పట్టే వాళ్లలో ఎక్కువమందిది ఇదే తీరు. బండి ఇరుక్కుపోతే ఏం చెయ్యాలో అందరి దగ్గరా సరంజామా ఉంది. బండి చెడిపోతే ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించరు. నా ఉద్దేశంలో అడవి దారిలో మనల్ని రాత్రిదాకా నిలబెట్టేది రెండోదే. దానికి సిద్ధపడటం కొనుగోలుతో అయ్యే పని కాదు, అందుకే ఎవరికీ పట్టదు.

ఇరుక్కుంటే పండగ, చెడిపోతే మౌనం

బండి బురదలో దిగబడిందంటే దాని ఆరోగ్యానికి వచ్చిన లోటేమీ లేదు. ఇంజిన్ తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి, టైర్లకు పట్టు దొరకడం లేదు, అంతే. అప్పుడు గుంపంతా హుషారవుతుంది. ఒకరు తాడు తీస్తారు, ఒకరు ఫోన్ తీస్తారు, మిగతావాళ్లు సలహాలిస్తారు. నిజం చెప్పాలంటే చాలామంది వచ్చేదే దానికోసం. ఇరుక్కోవడం ఈ ఆటలో భాగం. అందుకే దానికి కావలసిన వస్తువులకే అంత గిరాకీ, వాటి మీదే అన్ని వీడియోలు.

చెడిపోవడంలో చూడ్డానికేమీ ఉండదు. రాళ్ల దారిలో గంటల తరబడి ఊగిన బండిలో ఒక నట్టు వదులవుతుంది. బురద రేడియేటర్ రెక్కల మధ్య గట్టిపడి గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుంది. పట్టు కోసం గాలి తగ్గించిన టైరు పక్కలకు ఉబ్బి, కోసుగా ఉన్న రాయి అంచు సైడ్‌వాల్‌కు తగులుతుంది. పాతబడిన రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చీలుతుంది. వీటిలో ఏదీ వించ్‌తో బాగయ్యేది కాదు.

సకలేశపురం దగ్గర ఒక కాఫీ ఎస్టేట్ దారిలో చూసిన సంగతి ఒకటి చెప్తాను. మా ముందు బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు వెలగదు, హారన్ లేదు, తాళం రిమోట్‌కు పలకదు. బండి కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, తారు రోడ్డు దాకా తెచ్చి పెట్టండి, అక్కణ్నించి మేం తీసుకెళ్తాం అన్నారు. తారు రోడ్డు దాకా తేగలిగితే వాళ్లకు ఫోనెందుకు? మాలో ఒకాయన కంప్యూటర్ పోయిందన్నాడు. ఇంకొకాయన, ఈ మోడల్‌లో ఇదొక జబ్బని ఎక్కడో చదివానన్నాడు. ఈలోగా వెనక నుంచి ఎస్టేటు పనివాళ్లను ఎక్కించుకుని ఒక పాత జీపు వచ్చింది. దారికి అడ్డంగా ఉన్నాం కాబట్టి ఆ డ్రైవర్‌కు దిగక తప్పలేదు. బోనెట్ ఎత్తించి ఒక్క చూపు చూసి, పది నంబరు పానా ఉందా అని కన్నడలో అడిగాడు.

ఐదు బండ్లు వెతికాం. షాకిళ్లు దొరికాయి, చేతి తొడుగులు దొరికాయి, ఎస్ప్రెస్సో చేసుకునే పరికరం కూడా దొరికింది. పది నంబరు పానా దొరకలేదు. చివరికి ఆయనే తన సీటు కింద గుడ్డలో చుట్టి పెట్టుకున్నది తెచ్చి, ఊగి ఊగి వదులైపోయిన బ్యాటరీ టెర్మినల్ బిగించాడు. బండి లేచింది. మేం థ్యాంక్స్ చెప్తుంటే ఆయన వినిపించుకోలేదు, పనివాళ్లకు ఆలస్యమవుతోందన్న చిరాకు ముఖంలో కనబడుతూనే ఉంది.

ఆ జీపులో ఇంకేముందో చూశాను. ఒక మోకు, కాస్త ఇనుప తీగ, నీళ్ల క్యాను, వాలులో టైరు వెనక పెట్టడానికి చెక్క దిమ్మ. కొడగులో మాందల్‌పట్టికి టూరిస్టులను ఎక్కించుకుపోయే జీపులూ ఇలాగే ఉంటాయి. మనం సాహసం అనుకుని వెళ్లే దారుల్లో వాళ్లు రోజూ కూలికి వెళ్లొస్తుంటారు.

మనం తగిలించినవే మనల్ని ఆపుతాయి

బండి చెడిపోవడానికి ఒక పెద్ద కారణం మనం దానికి చేయించే అలంకారమే అనిపిస్తుంది నాకు. ఇలా అంటే గుంపులో సగంమందికి కోపం వస్తుంది.

మా బావమరిది పెద్ద టైర్లు వేయించాడు. నాలుగు. ఐదోది, వెనక డోరుకు వేలాడేది, కంపెనీ ఇచ్చిన చిన్న సైజే. షాపువాడు అడగలేదు, వీడికి తట్టలేదు. మన దగ్గర ఎక్కువగా నడిచే పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో లివర్ వేశాక ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలి. ఒక చక్రం చిన్నదైతే అది మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరగాల్సి వస్తుంది. బురదలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది కానీ గట్టి నేల మీదకు రాగానే ఆ ఒత్తిడంతా రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అంటే పంచరైతే మార్చుకోవడానికి ఉన్న చక్రమే ఇంకో రిపేరుకు దారి తీస్తుంది. పైగా టైర్లు పెరిగి బండి ఎత్తయ్యాక కంపెనీ జాకీ అందుతుందా? ఎవరూ పెట్టి చూసి ఉండరు.

లైట్ల సంగతి ఇంకా ఘోరం. రిలే లేకుండా, ఫ్యూజు లేకుండా, బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, బాడీ అంచు మీదుగా తిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టి పంపిస్తారు. రోడ్డు మీద అది ఏళ్ల తరబడి నిలుస్తుందేమో. రాళ్ల దారిలో తీగ రేకుకు రాసుకుని రాసుకుని ఒకరోజు షార్టవుతుంది. వించ్ కూడా తక్కువది కాదు. పూర్తి బరువు లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఇంజిన్ ఆపేసి దాన్ని నడిపితే బండి బురదలోంచి బయటపడే వేళకు బ్యాటరీ డౌనవుతుంది. ఇరుక్కున్న బండి చెడిపోయిన బండిగా మారడమన్న మాట.

చట్టం మాట ఒక ముక్కలో చెప్పి వదిలేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లకు ఇది బాగా గుర్తుంటుంది, మనం క్లెయిమ్ వేసిన రోజున మరీ బాగా.

ఈ కాలం బండ్లు మనకెక్కడ అర్థమవుతాయి?

నా వాదనకు బలమైన అడ్డు ఇక్కడే వస్తుంది. ఒక స్నేహితుడు తేల్చేశాడు: "1985 నాటి జిప్సీ అయితే నువ్వు చెప్పింది కరెక్టే గురూ. పానా, పటకారు ఉంటే ఇంటికొచ్చేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బండి అంటే చక్రాల మీద కంప్యూటర్. ఇంజిన్ లైటు వెలిగిందంటే మనం చేసేదేముంది? ఫోన్ చెయ్యడమే."

ఇందులో నిజం ఉంది. మా పెదనాన్నకు తాడిపత్రిలో లారీ ఉండేది. రేడియేటర్‌కు సన్నటి చిల్లు పడితే అందులో గుప్పెడు పసుపు పోసి కడప దాకా లాక్కొచ్చేవాళ్లు. పెట్రోల్ ట్యాంకు కారితే బట్టల సబ్బు రుద్దేవాళ్లు. ఇవాళ్టి రేడియేటర్ గొట్టాలు సన్నవి, పసుపు పోస్తే చిల్లుతో పాటు అవీ పూడుకుపోతాయి. ట్యాంకులు చాలా బండ్లలో ప్లాస్టిక్‌వి. ఆ చిట్కాలకు కాలం చెల్లింది, నేనెవరికీ చెప్పను.

చిట్కాలు పోయినా ఒక అలవాటుకు మాత్రం కాలం చెల్లలేదు. బండి ఎక్కడ ఆగినా క్లీనర్ కుర్రాడు రాడ్డు పట్టుకుని దిగి టైర్లన్నింటి మీదా వరసగా కొట్టుకుంటూ ఒక చుట్టు చుట్టేవాడు. చప్పుడును బట్టి ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పేవాడు. ఆ చుట్టులోనే కిందకు వంగి కమాన్‌కట్టలు చూసేవాడు, కారుతున్న ఆయిల్ చూసేవాడు. ఆ కుర్రాడి పని మన బండ్లలో ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన టైరు, గొట్టం, బెల్టు, ఫ్యూజు, టెర్మినల్ మారిపోలేదు. అవి ఇప్పటికీ రబ్బరు, ఇనుము, రాగి. మట్టిదారిలో నేను చూసిన ఆగుడుల్లో కంప్యూటర్ వల్ల వచ్చినవి తక్కువ. వచ్చినా, బండి కంప్యూటర్‌కు తగిలించే బొటనవేలంత ఓబీడీ స్కానర్ ఒకటి పెట్టుకుంటే, లోపమేంటో చెప్పే కోడ్ ఫోన్‌లో కనబడుతుంది. దాంతో రిపేరు చెయ్యలేం కానీ, మెల్లగా నడుపుకుంటూ ఊరికి చేరవచ్చా, ఇక్కడే ఆపెయ్యాలా అన్నది తేల్చుకోవచ్చు. అడవిలో ఆ ఒక్క తేడా తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇంకొకటి. ఈ బండ్లలో ఏం చెయ్యాలో తెలియడం కంటే ఏం చెయ్యకూడదో తెలియడం ముఖ్యం. వాగు దాటుతుండగా ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. చెయ్యి దానంతటదే స్టార్ట్ బటన్ మీదకు పోతుంది. ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్లలోకి నీళ్లు చేరి ఉంటే, ఆ ఒక్క నొక్కుతో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకోవు కాబట్టి. నొక్కకుండా బండిని ఒడ్డుకు లాగించి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి, పెట్రోల్ బండి అయితే స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజిన్ తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. అది చేతకాకపోయినా, నొక్కకుండా ఉంటే చాలు, ఇంజిన్ దక్కుతుంది. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు కార్ల కంపెనీలు కూడా చెప్పిందిదే, మునిగిన బండిని స్టార్ట్ చెయ్యొద్దని. నీళ్లలో నిలబడ్డ ఇంజిన్‌ను మళ్లీ తిప్పి పాడుచేసుకుంటే మామూలు పాలసీ డబ్బులివ్వదు, ఇంజిన్ కోసం విడిగా యాడ్‌ఆన్ ఉంటే తప్ప. మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడవగలదని రాసి ఉంటుంది. దాన్ని చదివినవాళ్లు వాగు పారుతోందనీ, అడుగున గుంటలుంటాయనీ మర్చిపోతారు.

ఇక తాళం. రిమోట్‌లో బటన్ సెల్లు అయిపోతే లోపల దాచిన ఇనుప తాళం బయటికి తియ్యడం, స్టార్ట్ బటన్‌కు రిమోట్‌ను ఆనించడం లాంటివి మాన్యువల్‌లో ఉంటాయి. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పని వాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆటోమేటిక్ బండిని నెట్టి స్టార్ట్ చెయ్యలేమన్న సంగతి కూడా బ్యాటరీ పడిపోయి, నలుగురూ నెట్టి అలిసిపోయాకే తెలుస్తుంది కొందరికి.

బేస్‌మెంట్‌లో చక్రం విప్పితే

మరి ఇదంతా నేర్చుకోవడం ఎక్కడ? బెంగళూరులో ఇది చిన్న సమస్య కాదు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒక ఆదివారం స్టెప్నీ మార్చడం మొదలుపెడితే పావుగంటలో సెక్యూరిటీ అతను వచ్చి, ఇక్కడ రిపేర్లు చెయ్యకూడదు సార్ అన్నాడు. రిపేరు కాదు బాబూ, చక్రం తీసి మళ్లీ పెడుతున్నానంతే అన్నా వినలేదు. సాయంత్రానికి అసోసియేషన్ గ్రూపులో పేరు లేకుండా నా గురించి ఒక మెసేజ్. పోనీ, అక్కడ పూర్తయినా నేర్చుకునేది సగమే. టైల్స్ మీద జాకీ నిటారుగా నిలబడుతుంది. మెత్తటి నేల మీద అదే జాకీ బండిని ఎత్తకుండా తను దిగిపోతుంది. కింద వెయ్యడానికి అడుగు వెడల్పు చెక్క కావాలని మట్టిలో చేసి చూస్తేనే అర్థమవుతుంది. హొసకోటె దాటితే ఇళ్లు లేని లేఅవుట్లు బోలెడు. ఇప్పుడు అక్కడికే వెళ్తాం.

సర్వీస్ సెంటర్‌లో నేర్చుకోవచ్చు కదా అంటారా? లోపలికి రానివ్వరు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అద్దం అవతల మన బండిని దూరం నుంచి చూపిస్తారు. వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడికి పోక తప్పదు. మధ్యలో చిన్న పనులకు నేను కె.ఆర్.పురంలో మదనపల్లె మెకానిక్ నడిపే షెడ్డుకు వెళ్తాను. మీరు పక్కన నిలబడితే పని లేటవుద్ది సార్ అంటాడు, అయినా నిలబడనిస్తాడు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు ఎలా వదలాలో, రేడియేటర్ పైగొట్టం ఏ క్లిప్పు దగ్గర ముందు చీలుతుందో అక్కడే చూశాను. రేడియేటర్‌లో ఇరుక్కున్న బురదను ముందు నుంచి నీళ్లు కొట్టి కడగకూడదనీ, ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలనీ చెప్పింది కూడా అతనే. ముందు నుంచి కొడితే బురద ఇంకా లోపలికి దూరుతుంది.

మా బావమరిది జాబితాలో నేను చేర్పించినవి ఖరీదైనవి కావు. ఫ్యూజుల పెట్టె, ఫ్యాన్ బెల్టు, ఒక అడుగు రేడియేటర్ గొట్టం, నాలుగైదు సైజుల క్లిప్పులు, సాగదీసి చుడితే తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు. ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు, వాల్వ్ పిన్నులు, గాలి కొట్టే కంప్రెసర్. కూలెంట్, ఇనుప తీగ, ఎం-సీల్, పానాల సెట్టు. స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో ఒక పూట తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి. కంప్రెసర్ తప్పిస్తే మిగతావన్నీ కలిపినా వాడు కొన్న లైట్ల ఖరీదు కాదు. ఇవి కొని డిక్కీలో పడేస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. బెల్టు కొన్నవాడు ఒకసారైనా పాతది విప్పి కొత్తది ఎక్కించి చూడాలి. ఇప్పటి బండ్లలో బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్‌ను వెనక్కి లాగడానికే ఒక ప్రత్యేకమైన పానా కావాలి, అది లేకపోతే చేతిలో బెల్టు ఉండీ లేనట్టే.

స్టెప్నీ విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. 2020 జూలైలో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉంటే కార్లకు స్టెప్నీ అక్కర్లేదు. ఊళ్లో తిరిగే కార్లకు సరే. సైడ్‌వాల్ కోసుకుపోతే ఏ కిట్టూ పనికిరాదు. స్టెప్నీ లేని బండి మా గుంపులో వస్తానంటే వద్దంటాను. వాళ్ల వెంట వచ్చిన పిల్లలూ పెద్దలూ చీకట్లో మిగతా బండ్లలో సర్దుకుని రావాల్సి ఉంటుంది కాబట్టి అది వాళ్లొక్కరి ఇష్టం కాదు.

ట్రాక్టర్ ఉంది కదా

ఇంకో వాదన ఉంది, దీన్ని కొట్టిపారెయ్యడం కష్టం. ఇది ఆస్ట్రేలియా ఎడారి కాదు, రెండు కిలోమీటర్లు నడిస్తే ఊరు, ఊళ్లో ట్రాక్టర్, ట్రాక్టర్ ఉన్నచోట మనిషి సాయం. ఈ జాబితాలన్నీ విదేశీ వీడియోలు చూసి రాసుకున్నవి, మనకెందుకు? సగం ఒప్పుకుంటాను. పెద్ద సామాను చాలావరకు మనకు అనవసరమే.

అయితే ట్రాక్టర్ చేసే పనేమిటో చూడండి. బురదలో దిగిన బండిని లాగుతుంది. చక్రాలను తిప్పే టై రాడ్ విరిగి ముందు చక్రాలు రెండూ రెండు దిక్కులు చూస్తున్న బండిని ఎటు లాగుతుంది? ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను చక్రాలు నేలమీద ఉంచి దూరం లాగితే గేర్‌బాక్స్ పాడవుతుందని మాన్యువల్‌లోనే రాస్తారు. మనం లక్షలు పోసి సిద్ధపడిన ఇబ్బందికి ఊరికొక ట్రాక్టర్ ఉంది. ట్రాక్టర్‌తో తీరని ఇబ్బందికి మన దగ్గర ఏమీ లేదు.

లాగించుకోవడమూ చూసినంత సులువు కాదు. కైనటిక్ రోప్ 30 శాతం దాకా సాగి, ఆ సాగిన బలంతో బండిని పీకుతుంది. దాన్ని బంపర్‌కో, ట్రైలర్ తగిలించే బాల్‌కో కడితే ఆ ఇనుప ముక్క ఊడి తూటాలా వస్తుంది. అలా ప్రాణాలు పోయిన ఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. వాళ్ల జాబితా తెచ్చుకున్నాం, వాళ్ల భయం మాత్రం తెచ్చుకోలేదు. ట్రాక్టర్ వచ్చిందనగానే అందరూ తాడు చుట్టూ మూగడం చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

ట్రాక్టర్ మనకోసం ఖాళీగా ఉండదన్న సంగతీ ఉంది. శ్రీనివాసపురం, చింతామణి వైపు ఊళ్లలో తెలుగు నడుస్తుంది కాబట్టి రైతుతో మాట కలుస్తుంది. వాన పడ్డాక అటు ఒక చెరువు పక్కన మా గుంపులో ఒక బండి దిగబడితే, దున్నుతున్న ట్రాక్టర్‌ను ఆపి తీసుకొచ్చాడు ఒకాయన. లాగి పడేశాక అన్నాడు: "లాగేదానికి నాకేం లేదు సార్. దుక్కి నిలిపేసి రావాల కదా. మొన్న వచ్చినోళ్లు గట్టు తెంచి పోయినారు. వాళ్ల బండి బాగనే ఉండాది." ఆ గట్టు తెంచింది మేం కాదని చెప్పాం. ఆయనకు మాకూ వాళ్లకూ తేడా ఏం కనబడుతుంది? ఆపిన పనికి కూలి ఎంతో ఆయన్నే అడిగి ఇవ్వడం, ఆయన నోటితో చెప్పకపోతే ఊళ్లో గంటకు ట్రాక్టర్ బాడుగ ఎంతో కనుక్కుని ఇవ్వడం మర్యాద. ఐదొందలు చేతిలో పెట్టి సెల్ఫీ దిగడం చూస్తుంటాను, నచ్చదు.

మూడు దాటాక

పొద్దున పదకొండింటికి గొట్టం చీలితే అదొక పని. సాయంత్రం ఐదున్నరకు చీలితే అదొక ఆపద. అదే గొట్టం, అదే టేపు. నీళ్లు చల్లారేదాకా రేడియేటర్ మూత తియ్యకూడదు, కనీసం అరగంట. ఆ అరగంటలో ఘాట్‌లో చెట్ల కింద చీకటి పడిపోతుంది. సకలేశపురం, ఆలూరు ప్రాంతంలో ఏనుగులు కాఫీ తోటల్లోకి రావడం మామూలు. మనుషులు చనిపోయారు కూడా. కాబట్టి రెండు కిలోమీటర్లు నడిస్తే ఊరు అన్న ధీమా చీకటి పడ్డాక చెల్లదు.

సకలేశపురం దగ్గర బిస్లె ఘాట్ వైపు చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. విదేశీ జాబితాల్లో శాటిలైట్ ఫోన్ రాస్తారు. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గరుంటే పోలీసు కేసవుతుంది. ఏదో ఒక కంపెనీ సిగ్నల్ అందితే ఎమర్జెన్సీ నంబరు 112 పలుకుతుంది, ఏదీ అందకపోతే అదీ లేదు. అందుకని ఏ ఎస్టేటులోంచి ఎటు వెళ్తున్నామో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తామో, చెయ్యకపోతే ఎవరిని అడగాలో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టి వెళ్తాను. ఎస్టేటు యజమాని అనుమతి ఎటూ కావాలి, ఆయన నంబరే ఆ కాగితంలో మొదట ఉంటుంది. రిజర్వు ఫారెస్టులోకి దొంగదారిన దూరేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు, సాయానికి పిలిస్తే ముందు కేసు రాస్తారు.

మధ్యాహ్నం మూడు దాటాక తెలియని దారి ఎక్కకూడదని నా పట్టు. దీనిమీద మా గుంపులో గొడవ ఇప్పటికీ తెగలేదు. బెంగళూరు నుంచి సకలేశపురం 220 కిలోమీటర్లు. తెల్లారుజామున ఐదింటికి బయల్దేరినా టిఫిన్ అదీ అయ్యేసరికి పది. అంతదూరం వెళ్లి ఐదు గంటలు మాత్రమే తిరిగి చాలించడమేంటి అంటారు. వారమంతా మీటింగుల్లో నలిగిన వాళ్లకు ఆ మాట అనే హక్కుంది. పోయినసారి మూడుంబావుకు ఒక చీలిక దగ్గర ఆగాం. కుడివైపు తెలిసిన దారి, ఎడమవైపు ఎవరూ చూడనిది. చేతులెత్తించారు. మూడు బండ్లు ఎడమకు వెళ్లాయి, మా బావమరిదితో సహా. నేనూ ఇంకొకాయనా హోంస్టేకు వచ్చేశాం.

వాళ్లకేమీ కాలేదు. ఆరున్నరకల్లా నవ్వుకుంటూ దిగారు, రాత్రి భోజనాల దగ్గర నన్ను బాగా ఆటపట్టించారు. కిందికి దిగే దగ్గర ఒక వాగు, దాని పక్కన పచ్చిక మైదానం, వీడియోలో చూస్తే నిజంగానే బాగుంది. వర్షాలు తగ్గాక మళ్లీ వెళ్దామంటున్నారు. ఈసారి శుక్రవారం రాత్రే హాసన్ చేరుకుని పడుకుందామని, ఎడమ దారి పొద్దున్నే మొదలుపెడదామని అడిగాను. ఇద్దరు సరేనన్నారు, మిగతావాళ్లు లీవు చూసుకుని చెప్తామన్నారు.